గోడకు రంగు వేసే ముందు ఎదురు ఫుట్‌పాత్ చూడండి: నగర సుందరీకరణ అధికారులకు బహిరంగ లేఖ

నగర కమిషనర్లకు, సుందరీకరణ విభాగాల ఇంజినీర్లకు, గోడల మీద బొమ్మలకు టెండర్లు పిలిచే అందరికీ,

నమస్కారం. ఇది ఏదో ఒక ఊరి ఆఫీసును ఉద్దేశించి రాస్తున్నది కాదు. ఎక్కడ చూసినా ఇదే వరస కాబట్టి అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. మీరు బొమ్మలు వేయిస్తున్నది బండ్లలో వెళ్లేవాళ్ల కోసం, వాటిని నిజంగా చూసేది మాత్రం నడిచేవాళ్లు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల మంచి ఆర్టిస్టుల పని, మీ ఖర్చు, మా కాళ్లు అన్నీ వృథా అవుతున్నాయి.

మొదట ఫ్లైఓవర్ పిల్లర్ల సంగతి. పిల్లర్ కనబడితే చాలు దాని మీద నెమలో, నాట్యం చేసే అమ్మాయో, స్వాతంత్ర్య సమరయోధుడో ప్రత్యక్షమవుతారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు దాటేస్తుంది. పిల్లర్ వెడల్పు రెండు మీటర్లు అనుకుంటే ఆ బొమ్మకు దక్కేది సెకనులో అయిదో వంతు కూడా కాదు, అది కూడా డ్రైవింగ్ చేస్తున్నవాడు తల తిప్పకూడని చోట తల తిప్పితేనే. పోనీ నడిచి వెళ్లి చూద్దామంటే అది రోడ్డు మధ్యలో డివైడర్ మీద ఉంటుంది, అటూ ఇటూ బండ్లు, దాటడానికి దారి ఉండదు. వేసిన ఆర్టిస్ట్ కూడా పని అయిపోయాక దగ్గరికి పోయి తీరిగ్గా చూసుకోలేని బొమ్మ అది. మరి ఎవరి కోసం వేయించినట్టు? ప్రారంభోత్సవం ఫొటో కోసం అని మా అనుమానం, కోపం తెచ్చుకోకండి.

బెర్లిన్‌లో ఈస్ట్ సైడ్ గ్యాలరీ ఉంది కదా, ఊరిని రెండుగా చీల్చిన బెర్లిన్ గోడ కూలిన మరుసటి ఏడాది, 1990లో, 21 దేశాల నుంచి 118 మంది చిత్రకారులు వచ్చి మిగిలిన గోడ ముక్క మీద బొమ్మలు వేశారు. పొడవు దాదాపు 1.3 కిలోమీటర్లు. కారులో పోతే రెండు నిమిషాలు పట్టదు, ఏమీ కనబడదు కూడా. అదే నడిస్తే, ఆగకుండా పోయినా పావుగంట పైన పడుతుంది, కానీ ఆగకుండా ఎవరు పోతారు? సోవియట్ నేత బ్రెజ్నెవ్, తూర్పు జర్మనీ నేత హోనెకర్ ముద్దు పెట్టుకునే దిమిత్రి వ్రూబెల్ బొమ్మ దగ్గర గుంపు, కాస్త ముందుకు పోతే ఎవరూ పట్టించుకోని బొమ్మలు, వాటి మీద జనం గీకిన పేర్లు, 2009లో ఆ పాత బొమ్మలనే చాలావరకు మళ్లీ వేయాల్సి వచ్చిన కథ. ఇదంతా నడిచేవాడి వేగానికే అందుతుంది.

ఇప్పుడు శీర్షికలో చెప్పిన ఎదురు ఫుట్‌పాత్ విషయం. దీని మీద కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే టెండర్ కాగితాల్లో ఇది ఎక్కడా రాదు. అయిదంతస్తుల భవనం పక్క గోడకు నిలువెత్తు మ్యూరల్ వేయిస్తారు. గోడ కొలతలు తీస్తారు, లిఫ్ట్ క్రేన్ ఎక్కడ నిలబెట్టాలో చూస్తారు, పెయింట్ ఎన్ని లీటర్లో లెక్కేస్తారు. చూసేవాడు ఎక్కడ నిలబడాలో మాత్రం ఎవరూ లెక్కేయరు. 15 మీటర్ల ఎత్తు బొమ్మను మెడ విరగకుండా చూడాలంటే కనీసం అంత దూరమన్నా వెనక్కి జరగాలి. ఆరు మీటర్ల సందులో వేస్తే కింద నిలబడ్డవాడికి కనబడేది బొమ్మలోని మనిషి గడ్డం, ముక్కు రంధ్రాలు. అంటే గోడ కింద ఉన్న ఫుట్‌పాత్ కన్నా రోడ్డుకు అవతల ఉన్న ఫుట్‌పాతే ముఖ్యం. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్, చెత్తకుండీ, ఇసుక కుప్ప ఉంటే ఆ బొమ్మ లేనట్టే. రోడ్డు దాటడానికి జీబ్రా క్రాసింగ్ లేకపోతే దగ్గరికి వెళ్లి చూడటం కూడా ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకటి, బొమ్మ కింది రెండు మీటర్లు. ఆర్టిస్టులు చిన్న చిన్న వివరాలన్నీ కంటికి అందే ఎత్తులోనే పెడతారు, పిల్లలు చెయ్యి వేసే ఎత్తు అది. సరిగ్గా అక్కడే వరసగా బండ్లు పార్క్ చేసి ఉంటాయి. లక్షలు పెట్టి వేయించిన బొమ్మ ముందు ఒక్క నో పార్కింగ్ బోర్డు పెట్టడానికి చేతులు రావా మీకు?

ఢిల్లీలోని లోధీ కాలనీలో ఈ చిక్కు అంతగా లేకపోవడానికి కారణం బొమ్మల గొప్పతనం ఒక్కటే కాదు. 2014లో ఏర్పడిన స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే వీధి కళ సంస్థ వాళ్లు బొమ్మలు మొదలుపెట్టేటప్పటికే అక్కడ వెడల్పైన వీధులు, ఎత్తు తక్కువ భవనాలు, చెట్ల నీడ, పెద్దగా ట్రాఫిక్ లేని లోపలి దారులు ఉన్నాయి. బ్రిటిష్ వాళ్ల చివరి రోజుల్లో ప్రభుత్వ ఉద్యోగుల కోసం కట్టిన కాలనీ అది. ఖన్నా మార్కెట్ దగ్గర మొదలుపెట్టి మెహర్‌చంద్ మార్కెట్ దాకా వీధి వీధీ తిరుగుతూ చూసుకోవచ్చు. మీరు దాన్ని చూసి వచ్చి మీ ఊళ్లో రింగు రోడ్డు రిటైనింగ్ వాల్ మీద బొమ్మలు వేయిస్తే ఆ ఫలితం రాదు. వాళ్ల దగ్గరున్న వీధులు మీ రింగు రోడ్డు పక్కన లేవు కదా.

కొలంబియాలో మెడెయిన్ నగరం కథ ఇంకా సూటిగా చెబుతుంది. కొమునా 13 అనే కొండ బస్తీ, ఒకప్పుడు ముఠాలకీ సాయుధ దళాలకీ మధ్య నలిగిపోయిన చోటు, 2002లో సైన్యం పెద్ద ఎత్తున దాడి చేసింది. అక్కడ 2011లో నగరపాలక సంస్థ కొండ మీదికి ఆరు బయట ఎస్కలేటర్లు కట్టింది, మొత్తం 384 మీటర్లు. ఎవరికోసం? రోజూ వందల మెట్లెక్కే బస్తీవాళ్ల కోసం. వాళ్లు నడవడం తేలికయ్యాక ఆ దారి వెంట బొమ్మలు పెరిగాయి, బస్తీ కుర్రాళ్లే గైడ్లుగా మారి ఏ బొమ్మ వెనక ఏం జరిగిందో సొంత నోటితో చెబుతూ జనాన్ని తిప్పుతున్నారు. చిలీలో వల్పరాయిసో కూడా అంతే, ఆ కొండల మెట్లన్నీ ముందు నుంచీ ఉన్నవే. అక్కడి బెల్లావిస్తా కొండ మీద 1992లో తెరిచిన బహిరంగ మ్యూజియంలో 20 మ్యూరల్స్ ఉన్నాయి, గేటు లేదు, టికెట్ లేదు, మెట్లెక్కుతూ పోవడమే. మెట్లకు రెయిలింగ్, రాత్రిపూట లైటు, కూర్చోడానికి ఒక అరుగు, దగ్గర్లో మరుగుదొడ్డి, ఇవి కూడా సుందరీకరణ కిందే రాయించుకోండి మీ ఫైల్లో. ఒంటరిగా నడిచే ఆడవాళ్లకు లైటు లేని సందులో ఎంత అందమైన బొమ్మ ఉన్నా అది ఆరు దాటాక లేనట్టే లెక్క.

మీ పెద్ద మ్యూరల్ పక్కనే, మీకు తెలియకుండా, ఎవరూ టెండర్ పిలవకుండా పుట్టేవి కొన్ని ఉంటాయి. కరెంటు డబ్బా మీద అరచేయంత స్టెన్సిల్, అంటే కత్తిరించిన అట్ట అచ్చు పెట్టి రంగు కొట్టిన బొమ్మ. పైపు వంపులో అంటించిన కాగితం బొమ్మ. పారిస్‌లో బ్లెక్ లె రా 1981 నుంచి ఎలుకల స్టెన్సిళ్లు వేసుకుంటూ పోయాడు, అదే ఊళ్లో 1998 నుంచి ఇన్వేడర్ చిన్న చిన్న పలకలతో పాత వీడియో గేమ్ బొమ్మలు గోడలకు అతికించాడు, చెయ్యి అందని ఎత్తులో. ఫ్లోరెన్స్‌లో క్లెట్ ఆబ్రహామ్ ట్రాఫిక్ గుర్తుల మీద స్టిక్కర్లు అంటిస్తాడు, నో ఎంట్రీ బోర్డులోని తెల్ల అడ్డ పట్టీని ఒక చిన్న మనిషి మోసుకుపోతున్నట్టు. లండన్‌లో బెన్ విల్సన్ అని ఒకాయన ఏళ్లుగా మిలీనియం వంతెన మీద జనం ఉమ్మేసిన చూయింగ్ గమ్ మరకల మీద బొట్టుబిళ్లంత బొమ్మలు వేస్తున్నాడు, వంగి చూస్తే తప్ప తెలియదు. నగరంలో నడక సరదా అంతా ఇలాంటివి వెతుక్కోవడంలోనే ఉంది. పెద్ద మ్యూరల్ చిరునామా మ్యాప్‌లో దొరుకుతుంది, ఇవి దొరకవు. అందుకే మాలాంటివాళ్లం పొద్దున్నే షాపులు తెరవకముందు బయల్దేరతాం, షట్టర్ల మీద వేసిన బొమ్మలు అప్పుడే కనబడతాయి కాబట్టి.

ఇక మీ శుభ్రం చేసే సిబ్బంది. ఒకవైపు మీరే వీధి కళ అంటూ ఉత్సవం పెడతారు, ఇంకోవైపు మీ గ్యాంగులే బూడిదరంగు డబ్బాలు పట్టుకుని చిన్న బొమ్మలన్నీ చెరిపేస్తూ పోతారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పిన కాగితం వాళ్ల చేతిలో ఉండదు. మెల్‌బోర్న్‌లో హోసియర్ లేన్‌లో బ్యాంక్సీ అనే పేరుమోసిన బ్రిటిష్ వీధి చిత్రకారుడు వేసిన పారాచూట్ ఎలుకను 2010లో కౌన్సిల్ సిబ్బందే తుడిచేశారు, అది కూడా నగరం గర్వంగా చూపించుకునే వీధిలో. బ్రెజిల్‌లోని సావో పాలోలో 2008లో ఓస్ జెమియోస్ సోదరులు, తోటివాళ్లు కలిసి వేసిన పెద్ద మ్యూరల్‌ మీద కాంట్రాక్టర్ మనుషులు పొరపాటున బూడిదరంగు పూసేస్తే తర్వాత నగరమే మళ్లీ వేయించుకుంది. దాన్నుంచి ఎవరూ ఏమీ నేర్చుకున్నట్టు లేదు. 2017లో కొత్త మేయర్ జోవావ్ డోరియా 'సుందర నగరం' అనే పేరుతోనే 23 డి మాయో రోడ్డు వెంట ఉన్న బొమ్మలకు మళ్లీ బూడిదరంగు కొట్టించారు, చివరికి కోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది.

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ నగర కౌన్సిల్ 2006లో ఇంకోలా చేసింది. ఊరి మధ్యలో ఒక గోడ మీద బ్యాంక్సీ బొమ్మ పుట్టుకొస్తే, ఉంచాలా తీసేయాలా అని జనాన్నే అడిగింది, అభిప్రాయం చెప్పినవాళ్లలో 97 శాతం ఉంచమన్నారు, ఉంచేసింది. ప్రతి గీతకూ ఓటింగ్ పెట్టమని నేను అనడం లేదు. కొలంబియా రాజధాని బొగోతాలో చేసినట్టు ఎక్కడ గీయొచ్చో, ఎక్కడ గీయకూడదో ముందే తేల్చి చెప్పండి చాలు. అక్కడ 2011లో గ్రాఫిటీ (గోడల మీద రంగులతో రాతలు, బొమ్మలు) వేస్తున్న 16 ఏళ్ల కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాక పుట్టిన ఆగ్రహం తర్వాత, 2013లో నగరం దీని మీద ఉత్తర్వు తెచ్చింది. మీరు అంతవరకు ఆగక్కర్లేదు. స్మారకాలు, గుడులు, బడులు, సైన్ బోర్డులు వద్దనండి, ఎవరూ గొడవ చేయరు. కొన్ని గోడలు మాత్రం వదిలేయండి, వాటికి అనుమతి అక్కర్లేదు, థీమ్ అక్కర్లేదు, ఇవాళ ఒకరు వేస్తే రేపు ఇంకొకరు దాని మీదే వేస్తారు. నెల తర్వాత అదే దారిలో నడిచినవాడికి కొత్త గోడ కనబడుతుంది. మీరు శాశ్వతంగా ఉంచాలని తాపత్రయపడే బొమ్మ కన్నా ఆ గోడ చుట్టూనే జనం ఎక్కువ తిరుగుతారని నా లెక్క.

మా నడిచేవాళ్ల వైపు కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే ఇది ఏకపక్షంగా ఉంటుంది. సియోల్‌లో ఇహ్వా అనే కొండ బస్తీకి 2006లో ప్రభుత్వ డబ్బుతో బొమ్మలు వేశారు, మెట్ల మీద పూలు, చేపలు. జనం విరగబడ్డారు. కిటికీల కింద అరుపులు, గుమ్మాల ముందు ఫొటోలు, చెత్త. విసిగిపోయిన బస్తీవాళ్లలో కొందరు 2016లో ఆ పూల మెట్ల మీదా చేపల మెట్ల మీదా తామే రంగు పూసి చెరిపేశారు. పారిస్‌లో క్రెమియూ వీధి వాళ్లు 2019లో సాయంత్రాలూ వారాంతాలూ మా వీధికి గేటు పెట్టండి అని అడిగారు. వాళ్లని తప్పు పట్టలేం. ఎవరి ఇంటి గోడో, ఎవరి వంటింటి కిటికీయో అది. గుంపుగా వచ్చేవాళ్లు గొంతు తగ్గించుకోవాలి, గుమ్మంలో కూర్చున్న ముసలావిడను అడక్కుండా ఫొటో తీయకూడదు, ఇవన్నీ మేము పాటించాల్సినవి, పాటిస్తాం. కానీ ఆ వీధివాళ్లను అడగకుండా వాళ్ల వీధిని 'స్పాట్' చేసింది మీరు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఇది ఎలా చేస్తారో చూడండి. 1984లో గ్రాఫిటీని అరికట్టడానికి పెట్టిన కార్యక్రమం అది, జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి గోడల మీద గీసే పిల్లలతోనే మ్యూరల్స్ వేయించడం మొదలుపెట్టింది, ఇప్పటికి నాలుగు వేల పైచిలుకు అయ్యాయి. స్కెచ్ ఖరారయ్యే ముందు ఆ వీధివాళ్లతో కూర్చుని మాట్లాడతారు. చాలా బొమ్మల్ని పల్చటి గుడ్డ లాంటి షీట్ల మీద ముక్కలు ముక్కలుగా వేసి తర్వాత గోడకు అతికిస్తారు, కాబట్టి క్రేన్ ఎక్కలేని పెద్దవాళ్లు, బడిపిల్లలు, చివరికి జైల్లో ఉన్నవాళ్లు కూడా ఒక చెయ్యి వేయగలుగుతారు. తన చెయ్యి పడ్డ గోడ ముందు ఎవరైనా ఆగి చూస్తుంటే ఎవరికి కోపం వస్తుంది?

'క్రియేటివ్ డిస్ట్రిక్ట్' బోర్డుల గురించి క్లుప్తంగా. బోర్డు పెట్టి రెండు గోడలకు రంగేస్తే అది కళాకారుల పేట అయిపోదు. వీధి వైపు తలుపు తెరిచి పనిచేసే చోట్లు ఉంటేనే పేట. స్క్రీన్ ప్రింటింగ్, చెక్కపని, వెల్డింగ్, కుట్టుపని, వాయిద్యాలు బాగుచేసేవాళ్లు, పైన గదిలో రిహార్సల్. నడిచేవాడు తల లోపలికి పెట్టి ఏం చేస్తున్నారండీ అని అడగగలగాలి. మీరు రంగులు వేయించగానే అద్దెలు పెరుగుతాయి, వీళ్లే ముందు ఖాళీ చేస్తారు. మయామీలో వైన్‌వుడ్ గోదాముల ప్రాంతంలో 2009లో టోనీ గోల్డ్‌మన్ అనే రియల్ ఎస్టేట్ ఆయన బొమ్మల గోడలు పెట్టించాక ఆ పేట ఎంత ఖరీదైపోయిందో, ముందు నుంచీ ఉన్న కళాకారుల్లో ఎంతమంది వెళ్లిపోయారో అందరికీ తెలిసిందే. బెర్లిన్‌లో 2014 డిసెంబర్‌లో ఒక స్థలం పక్క గోడల మీదున్న బ్లూ అనే కళాకారుడి రెండు పెద్ద మ్యూరల్స్‌ను ఆయన సమ్మతితోనే రాత్రికి రాత్రి నల్లగా పూసేశారు, ఆ బొమ్మలు చూపించి స్థలం ధర పెంచుకోకూడదని. 2016లో ఇటలీలోని బొలోన్యాలోనూ అంతే, వీధి బొమ్మలను గోడల నుంచి ఊడబెరికి ఎగ్జిబిషన్‌లో పెడుతున్నారని తెలిసి తన 20 ఏళ్ల పనిని తానే బూడిదరంగుతో కప్పేశాడు. అంత మొండితనం నాకైతే నచ్చింది. మీరు చేయగలిగింది ఒకటుంది: మీ సొంత ఖాళీ భవనాలు, మార్కెట్ కాంప్లెక్సుల్లో తెరవని షాపులు, వాటిలో కొన్నిటిని తక్కువ అద్దెకు, రాతపూర్వకంగా, అయిదేళ్లకు తగ్గకుండా ఇలాంటి పనివాళ్లకు ఇవ్వండి.

ఆర్టిస్టుల పేర్లు ఎక్కడ? గోడ కింద మీ శాఖ లోగో ఉంటుంది, స్పాన్సర్ కంపెనీ లోగో ఉంటుంది, వేసినవాడి పేరు ఉండదు. కంటి ఎత్తులో ఒక చిన్న పలక, దాని మీద పేరు, ఏడాది, ఒక్క వాక్యం. స్కాన్ చేసుకోమని కోడ్ ఒక్కటే పెట్టి వదిలేయకండి, అది ఆరు నెలల్లో చిరిగిపోతుంది. గోడ తడి, ఉప్పు చూడకుండా, ప్రైమర్ సరిగ్గా కొట్టకుండా ప్రారంభోత్సవం తేదీ కోసం తొందరపెడితే ఒక వానాకాలం దాటేసరికి పొరలు లేస్తాయి, ఎండ తగిలే గోడ మీద ఎరుపులు, పసుపులు ముందు వెలిసిపోతాయి. కాబట్టి మళ్లీ వచ్చి సరిచేయడానికి ఆర్టిస్టుకు ఇచ్చే డబ్బు కూడా మొదటి ఒప్పందంలోనే రాయండి. తీసేయాల్సి వస్తే ముందే చెప్పండి. ఇది మర్యాద కోసం మాత్రమే అనుకుంటే పొరపాటు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు మ్యూరల్‌ను 1979లో ఊడదీసి గోదాములో పడేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇమ్మని, 5 లక్షల రూపాయలు కట్టమని ప్రభుత్వానికి చెప్పింది. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్జ్ అనే భవనం మీది బొమ్మలకు యజమాని 2013లో రాత్రికి రాత్రి తెల్లరంగు వేయిస్తే, 2018లో 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది, పై కోర్టులో కూడా నిలబడింది.

ఫుట్‌పాత్‌లకు బడ్జెట్ కావాలి, అద్దె షాపులకు కౌన్సిల్ తీర్మానం కావాలి, టైమ్ పడుతుందని తెలుసు. కానీ శుభ్రం చేసే సిబ్బంది చేతికి ఒక కాగితం ఇవ్వడానికి ఏమీ అక్కర్లేదు. ఈ గోడలు ముట్టుకోవద్దు, ఈ వీధుల్లో తీసేముందు ఫొటో తీసి ఈ నంబర్‌కు పంపండి, వారం ఆగండి, స్మారకాల మీద, బడుల మీద, గుడుల మీద ఉన్నవి మాత్రం వెంటనే తీసేయండి. ఇంతే. పేజీకి మించదు. వచ్చే సోమవారం గ్యాంగు బూడిదరంగు డబ్బాలతో బయల్దేరే లోపు దాని మీద సంతకం పెట్టండి.

ఇట్లు,
ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడటానికి చోటు వెతుక్కునే ఒకడు